చాంద్ నా చేతికే పాలిచ్చేది

ఆ పొద్దున పాలు పితుకుతుంటే ఎడమచేతి ధార బకెట్లో పడింది, కుడిచేతి ధార నా కాలి మీద పడింది. చాంద్ తల తిప్పి నన్నొకసారి చూసింది. నుదుట తెల్లమచ్చ ఉన్న మా బర్రె అది. గౌలిపురాలో మా కొట్టంలో అదొక్కటే మిగిలింది. నేను కూర్చుంటే తప్ప పాలు చేపదు, పొదుగు బిగబట్టి నిలబడుతుంది.

చూస్తే కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. దులిపితే పోయింది. తర్వాత తర్వాత దులిపినా పోలేదు. జాకెట్ హుక్కు పెట్టుకోవడానికే నానా తంటాలు.

"ఎముకల డాక్టర్‌కు చూపిద్దాం పా" అన్నాడు మా ఆయన యాదగిరి.

"ఎముక ఇరిగిందా ఏంది? గాయన ఏం జేస్తడు?" అని కసిరాను.

మా గల్లీల్లో చేయి నొప్పంటే ముందు నూనె రుద్ది కట్లు కట్టే పహిల్వాన్ దగ్గరికే పోతాం. ఆయన నా మణికట్టు పట్టి, "నస్ మీద నస్ ఎక్కింది బెహన్, ఫికర్ నక్కో" అని, నరం మీద నరం ఎక్కిందంతే, దిగులొద్దని ధైర్యం చెప్పి, నూనె పోసి గట్టిగా రుద్ది, బిగించి కట్టు కట్టాడు. మర్నాడు నిండు బకెట్ నా చేతిలోంచి జారింది. పాలన్నీ గల్లీ పాలు.

అప్పుడు యాదగిరికి కోపమొచ్చింది. "చాంద్ కుంటితే గా పూటనే డాక్టర్‌ను పిలిపిస్తివి. నీ చెయ్యికేమో నూనె వోయించుకుంటివి. నువ్వు బర్రెకన్న తక్కువనా?"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కట్టు విప్పేసి బయల్దేరాను.

సంతోష్‌నగర్‌లో ఆర్థోపెడిక్ డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. నార్మల్. నేను చెప్పలేదా అన్నట్టు యాదగిరి వైపు చూశాను. ఆమె మాత్రం తన వేలు చాచి, "పాలెట్ల పితుకుతవో చూపియ్యమ్మా" అంది. బొటనవేలు మడిచి ఒక్క లాగు లాగాను. "అబ్బా!" అని నవ్వింది. నరం ఎట్లా పనిచేస్తోందో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించాక జబ్బు పేరు చెప్పింది: కార్పల్ టన్నెల్ సిండ్రోమ్.

"మణికట్టు దగ్గర నరం ఇరుకులో నలుగుతున్నది. ఆర్థో అంటే విరిగిన ఎముకలే కాదమ్మా. కీళ్లు, కండరాలు, గిట్ల నలిగే నరాలు కూడా మేం చూస్తం."

"చెయ్యి పోతదా? చాంద్‌ను అమ్ముకోవాల్నా?" అని అడిగాను.

"పోదు. ఇంకా ఆలస్యం చేస్తే మాత్రం బొటనవేలి బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు."

మణికట్టు కదలకుండా చేతికి స్ప్లింట్ పట్టీ వేసి, పాలు పితకొద్దంది. ఇంట్లో లొల్లి మొదలైంది. యాదగిరి కూర్చుంటే చాంద్ చుక్క విడవలేదు. రోజూ పితికే మనిషి చీర చుట్టుకుంటే బర్రె నమ్ముతుందని మా పాలవాళ్లలో అంటారు. యాదగిరి నా పచ్చచీర చుట్టుకుని, నా గొంతు పెట్టి "చాంద్ బిడ్డా" అన్నాడు. అది వాసన చూసి ఒక్క తాపు తన్నింది. బకెట్ ఒకచోట, మా ఆయన ఒకచోట.

"వదినా, కొత్త కోడలు మస్తుగున్నది!" అని పక్కింటావిడ అరిచింది. గల్లీ అంతా నవ్వింది.

కానీ పొదుగు గట్టిపడి అది అరుస్తుంటే నా మనసాగలేదు. చాటుగా స్ప్లింట్ తీసి పితికాను. ఒకరోజు కాదు, చాలా రోజులు. తర్వాతి చెకప్‌లో బొటనవేలు ఇంకా బలహీనపడిందని తేలింది. డాక్టరమ్మ బాగా తిట్టి, చిన్న సర్జరీ చేయాలంది. చేతికి మాత్రమే మత్తిచ్చారు. భయం పోవడానికి చీర సంగతి చెప్తుంటే, "నవ్వియ్యకమ్మా, నా చెయ్యి కదుల్తది" అంది. సాయంత్రానికి ఇంటికొచ్చేశాను.

గాయం మానేదాకా నేను చాంద్ వీపు మీద ఎడమచెయ్యి వేసి కబుర్లు చెప్పేదాన్ని, కింద యాదగిరి చీరలో కూర్చునేవాడు. మెల్లగా చేపడం మొదలుపెట్టింది. ఫిజియోథెరపీలో వేళ్లకు వ్యాయామాలు నేర్పారు, ఇకమీద బొటనవేలు మడిచి పితకొద్దన్నారు.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ పీట వేసుకుని కూర్చున్నాను. బొటనవేలు మడవకుండా, నిండు పిడికిలితో పట్టాను. ధార బకెట్ అడుగున ఠంగుమంది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

ఇప్పుడు పొద్దున నేను, సాయంత్రం ఆయన. చీర భుజాన వేసుకుంటే చాలు, ఆయనకూ ఇస్తోంది.

తిమ్మిరి రెండు మూడు వారాలైనా పోకపోయినా, చేతిలో వస్తువులు జారుతున్నా, రుద్దించుకోకుండా ఆర్థో డాక్టర్‌కు చూపించుకోండి. ఎముక విరిగేదాకా ఆగనక్కర్లేదు. మీ బర్రె కుంటితే ఎంత తొందరగా లేస్తారో, మీ చేతి కోసం కూడా అంతే తొందరగా లేవండి.