ఏం పని చేస్తాడని అడిగిన డాక్టరు

పొద్దున పనిలోకి వెళ్ళేటప్పుడు నా ఒంట్లో ఏ బాధా లేదు. సాయంత్రం ఇంటికొచ్చి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే, అది మింగేందుకు ఊపిరి చాలలేదు. నా జబ్బు అలా మొదలైంది.

అప్పుడు నేను ఉస్మాన్‌గంజ్‌లో ఒక ప్రింటింగు ప్రెస్సులో బొమ్మలు అచ్చువేసే బ్లాకులు చేసేవాణ్ణి. జింకు రేకు మీదికి బొమ్మ దించి నైట్రిక్ యాసిడ్‌లో ఉంచితే, బొమ్మ లేనిచోట లోహాన్ని యాసిడ్ తినేస్తుంది. ఆ పొద్దున యాసిడ్ జాడీ పగిలింది. ప్రెస్సులో సిరా ఒలికినా, నూనె ఒలికినా రంపపు పొట్టు చల్లి ఊడ్చెయ్యడం మా అలవాటు. యాసిడ్ మీదా అదే చల్లాను. పొట్టులోంచి ఇటుక రంగు పొగ గుప్పున లేచింది. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని ఊడ్చి బయటపడ్డాను. కాసేపు దగ్గు వచ్చి తగ్గింది. తగ్గింది కదా అని మిగతా పని కూడా చేసుకున్నాను.

పురానాపూల్ దగ్గర మా ఇల్లు. దీపాలు పెట్టే వేళకు దగ్గు తిరగబెట్టి, గులాబి రంగు నురగ పడింది. పక్కింటి పెద్దమ్మ పరుగున వచ్చింది.

"దిష్టి తగిలింది బిడ్డా. మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏస్త."

ఊపిరాడని మనిషికి మిరపకాయల పొగ వైద్యం! మాట్లాడలేక చేత్తో వద్దన్నాను. నా భార్య సత్తెమ్మ ఆమె చేతిలోని మిరపకాయలు గుంజుకుని ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికింది. మా గల్లీలోనే ఉండే ప్రెస్సు గుమాస్తా కిషన్ కూడా మాతో ఎక్కాడు. దారి పొడుగునా ఒకటే మాట.

"వదినా, ప్రెస్సు పేరు తియ్యకు. పోలీస్ కేసైతది. సేఠ్‌ను ఠాణాకు గుంజుతరు, మనందరి నౌకరీలు పోతయి. దమ్ము అని చెప్దాం."

నౌకరీ పోతే ఏమవుతుందో సత్తెమ్మకూ తెలుసు.

ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. "దమ్ము సారూ, చిన్నప్పటి సంది ఉంది" అన్నాడు కిషన్. డ్యూటీ డాక్టరు ఆక్సిజన్ పెట్టించి, ఆస్తమా ఇంజెక్షన్ తియ్యమని నర్సుకు చెప్పి, నాడి చూస్తూ, యాసిడ్ మరకలు పడ్డ నా వేళ్ళ దగ్గర ఆగిపోయాడు.

"వేళ్ళకు ఈ పచ్చరంగేమిటి?"

"పసుపు సారూ. పొద్దుగాల ఇంట్ల పూజ చేసిండు" అన్నాడు కిషన్ తడుముకోకుండా.

దేవుడున్నాడనేవాళ్ళను రుజువు చూపమని సభల్లో నిలదీస్తూ వచ్చినవాణ్ణి నేను. మాస్కు కింద నుంచే తల అడ్డంగా ఊపాను. సత్తెమ్మకు ఇక ఓపిక చాలలేదు.

"పూజనా? ఈయననా? మా పెండ్లికి పంతులునే రానియ్యలే సారూ! కిషన్ భాయ్, అబద్ధమాడితె జర నమ్మేటట్టన్న ఆడు!"

నర్సు నవ్వింది. డాక్టరు నవ్వలేదు.

"ఏం పని చేస్తాడమ్మా?"

"ప్రెస్సుల బ్లాకులు జేస్తడు సారూ, యాసిడ్‌తోని. పొద్దుగాల జాడీ పలిగి పొగ మింగిండు."

డాక్టరు ఇంజెక్షన్ ఆపించాడు. "నైట్రస్ ఫ్యూమ్స్. ఇది ఆస్తమా కాదు, పల్మనరీ ఎడీమా. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది" అని స్టెరాయిడ్ తెప్పించాడు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ మబ్బు పట్టినట్టున్నాయట.

నాకు కార్మిక బీమా ఉందని తెలియగానే పక్కనున్న డాక్టరు, "ఇన్సూరెన్స్ పేషెంటయితే వాళ్ళ ఆసుపత్రికి పంపెయ్యండి" అన్నాడు. ఆ ఆసుపత్రి ఊరికి అవతలి కొసన ఉంది. "పంపితే దారిలో పోతాడు. కోలుకున్నాక పంపుదాం" అని మా డాక్టరు నన్ను ఉంచుకున్నాడు. అది ఎమర్జెన్సీ అనీ, పని చేసే చోట పొగ పీల్చడం వల్ల వచ్చిందనీ కేస్ షీట్‌లో తన చేత్తో రాశాడు.

ఇంటికి పంపేటప్పుడు హెచ్చరించాడు: "బాగైపోయిందనుకోవద్దు. రెండు మూడు వారాల్లో మళ్ళీ రావచ్చు."

వచ్చింది. జ్వరం, పొడి దగ్గు. గడప దాటితే ఆయాసం. బీమా డిస్పెన్సరీ డాక్టరు దగ్గు మిక్చర్ రాసి, "ఇది మామూలు బ్రాంకైటిస్. పనిలోకి వెళ్ళు" అన్నాడు. ప్రెస్సులో జాడీ పగలనేలేదని మా యజమాని సేఠ్ అప్పటికే వాళ్ళకు చెప్పాడు. ఇది పనివల్ల వచ్చిన జబ్బని బీమావాళ్ళు ఒప్పుకోకపోతే సెలవు లేదు. సెలవు లేకపోతే మళ్ళీ ఆ యాసిడ్ గదిలోకే పోవాలి. పోతే బతకను.

సత్తెమ్మ నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళింది. ఆ డాక్టరు తన సెలవు రోజున డిస్పెన్సరీకి వచ్చాడు.

"మీరు క్యాజువాలిటీవాళ్ళు. బీమాతో మీకేం పని?" అని అక్కడి డాక్టరు విసుక్కున్నాడు.

"ఇతను మొదట వచ్చింది నా బల్ల మీదికి. ఆ నురగ నేను చూశాను, మీరు చూడలేదు. ఇది బ్రాంకైటిస్ కాదు, బ్రాంకియోలైటిస్, ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు మూసుకుపోతున్నాయి. ఆ పొగ చేసిన రెండో దెబ్బ. ఈ రోజే అడ్మిట్ చెయ్యండి."

చేశారు. స్టెరాయిడ్ మళ్ళీ మొదలుపెట్టారు. తర్వాత బీమా మెడికల్ బోర్డు ముందుకూ ఆయన వచ్చి అదే మాట చెప్పాడు. నా జబ్బు పనివల్ల వచ్చిందేనని బోర్డు ఒప్పుకుంది. జాడీ పగిలిందని సాక్ష్యం చెప్పడానికి కిషన్ రాలేదు. అతని మీద నాకు కోపం లేదు, అతన్ని అంతగా భయపెట్టిన ఏర్పాటు మీద ఉంది.

నేను అడిగేది ఒక్కటే. ఆయన అక్కడికి రావాలని ఏ రూలూ లేదు. మంచివాడు కాబట్టి వచ్చాడు. కార్మికుడి ప్రాణం ఒక డాక్టరు మంచితనం మీద ఆధారపడితే దాన్ని బీమా అనడం దేనికి? దానధర్మం అంటే సరిపోతుంది. క్యాజువాలిటీకి వచ్చిన ప్రతి కార్మికుణ్ణీ నీ పనేమిటని అడగడం నియమం కావాలి. అక్కడి డాక్టరు రాసింది యజమాని చేతుల మీదుగా కాక తిన్నగా బీమాకు చేరాలి. బోర్డులో ఆయన మాటకు చోటుండాలి. బీమా మొదలయ్యేది డిస్పెన్సరీలో కాదు, ఆ బల్ల మీద.

ఇప్పుడు నేను మరో ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. మెట్లు ఆగి ఆగి ఎక్కుతాను. సభల్లో కూర్చునే మాట్లాడతాను, అయినా మాట్లాడటం మానలేదు.

చదివేవారికి నా సలహా: మీరు ఏ పని చేస్తారో, ఏ రసాయనపు మందుల మధ్య, ఏ యంత్రం దగ్గర నిలబడతారో ఇంట్లోవాళ్ళకు ఇవాళే చెప్పండి. క్యాజువాలిటీలో మీకు మాట పెగలకపోవచ్చు. అప్పుడు వాళ్ళే చెప్పాలి, దాచకుండా చెప్పాలి.

మొన్న మా గల్లీలో బట్టలకు రంగులద్దే అతని భార్య మా ఇంటికి వస్తే సత్తెమ్మ అడిగింది.

"మీ ఆయన ఏం మందుల చేతులు పెడ్తడో ఎరికనా?"

"నాకేమెరిక అక్కా."

"అయితె చాయ్ తర్వాత తాగుదువు గని, పో. అడిగి రా."