ఆమె ఎంచుకున్న నల్ల చెక్క

మా ఇంటికి వచ్చినవాళ్లంతా హాల్లో అంచులు లేచిన చెక్క నేల చూసి, పీకేసి మళ్లీ టైల్స్ వేయించమంటున్నారు. ఎందుకు తీయనో చెప్పబోయి, టీ పెట్టే వంకతో లేచిపోతున్నాను. మా అమ్మాయికి కూడా సగమే తెలుసు. అందుకే రాసిపెడుతున్నాను.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. మిగతా చదువంతా డ్యూటీ దిగాక దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నదే. ఆ సంగతి చెప్పుకోవడం నాకిష్టం. నా భార్యకు కీమో మొదలయ్యాక, చల్లటి టైల్స్ మీద అడుగు పెడితే అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు ఉండేది. చెక్క వేయిద్దామని నేనే అన్నాను. దాని గురించి దొరికిందల్లా చదివాను. ఇంజనీర్డ్ వుడ్ అంటే పైన పలచటి అసలు కలప, కింద ప్లైవుడ్ పొరలు. పాత టైల్స్ మీదే పరచవచ్చు. నీళ్లు మాత్రం నిలవకూడదు.

ఎల్బీనగర్ షాపులో నేను లేత రంగు ముక్క పట్టుకున్నాను. షాపాయన గుంటూరు వైపు మనిషి. ముదురు రంగు మీద దుమ్ము ఇట్టే తెలిసిపోతుందని, అమ్మగారికి ఊడ్చి ఊడ్చి నడుం పడిపోతుందని అన్నాడు. ఆమె తలకు కట్టుకున్న స్కార్ఫ్ సర్దుకుని, అన్నిటికంటే నల్లటి ముక్క తీసింది. నేను చదివింది చెప్పబోతే, "నీ లైబ్రరీ జర బంద్ పెట్టయ్యా" అంది. షాపాయనతో పాటు నేనూ నవ్వాను.

ఆటో చంపాపేట్ దాటాక చెప్పింది.

"తెల్ల టైల్స్ మీద నా ఎంటికలు కనపడుతున్నయి. పొద్దుగాల బిడ్డ అవి ఏరుకుంట ఏడుస్తుంది. నల్లదాని మీదైతే కనపడయి గదా."

చెక్క పరిచాక ఆమె ఇల్లంతా చెప్పుల్లేకుండా తిరిగింది. గట్టిగా పిండిన గుడ్డతో తానే తుడుచుకునేది. అమ్మాయి పొద్దున్నే ఏడవడం మానేసింది.

వానాకాలంలో ఆమె పోయింది. మేము శ్మశానం నుంచి వచ్చేసరికి ఆడవాళ్లు ఇల్లు కడిగేశారు. చెక్క మీద పసుపు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆమె వదిన, నాకు అక్క వరస, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని గడపలో నిలబడింది. "మూలమూలా కడిగినం తమ్మీ" అంది. శవం గడప దాటాక ఇల్లు కడగకుండా ఎవరుంటారు?

కొన్నాళ్లకు పలకలు ఉబ్బాయి. బాగుచేయడానికి వచ్చిన ఫిట్టర్ తలుపు దగ్గరి పలక ఎత్తాడు. కింద పాత తెల్ల టైల్ కనిపించింది. అప్పుడు తట్టింది నాకు, ఆమె వెంట్రుకలు ఈ పలకల సందుల్లో ఇరుక్కుని ఉండొచ్చని. ఆమె దువ్వెన, దిండు, బట్టలు అన్నీ ఆనవాయితీ ప్రకారం తీసేశారు. టార్చి తెచ్చి సందులన్నీ వెతికాను. ఒక్క వెంట్రుక దొరకలేదు. కనపడకూడదనే కదా ఆ రంగు తీసుకుంది.

మిగతావి కూడా ఎత్తాలన్నాడు ఫిట్టర్. వద్దన్నాను.

"నడుస్తుంటే చప్పుడైతది సార్."

"కానీయ్. ఆ పలక మళ్లీ పెట్టెయ్."

ఏదో ఒక సందులో ఒక్కటైనా ఉండే ఉంటుంది. ఇప్పటికీ ఊడ్చిన చెత్త పారబోసే ముందు వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తాను.

నాకు సాయపడినవాళ్లకు తమ పేర్లు రాయడం నచ్చదు కాబట్టి పేర్లు లేకుండానే తలుచుకుంటాను. చివరికి ఆమె అడిగిన నల్ల చెక్కే ఇచ్చిన షాపాయనకు, నన్నేమీ అడగకుండా పలక తిరిగి పెట్టిన ఫిట్టర్‌కు, ఆ నెలల్లో నాకోసం పుస్తకాలు పక్కన పెట్టిన గ్రంథాలయం ఆవిడకు నా కృతజ్ఞతలు. ఇల్లు కడిగిన అక్కకు కూడా. చెక్క పాడవుతుందని ఎవరైనా చెప్పినా ఆమె ఆగేది కాదు. ఆ రోజు ఆమె ఏడుస్తూనే కడిగిందట.