మట్టితో పేర్చిన పిట్టగోడ

మొన్న జహీరాబాద్ బస్టాండ్‌లో ఝరాసంగం బస్సు కండక్టరు నన్ను చూసి ఆగాడు. "సారూ, మీ మేస్త్రి నిన్న పొద్దుగాల పోయిండు. ఊరు ఊరంత ఆడ్నే ఉన్నది" అన్నాడు. అప్పుడు నాకు ముందుగా తట్టిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను పోతే ఊరు ఊరంతా వస్తుందా అనుకున్నాను. కన్నీళ్లు ఆ తర్వాత వచ్చాయి. పదేళ్లకు పైగా ఆ మనిషిని చూసి కుళ్లుకున్నవాణ్ణి, ఆయన గురించి రాయాలంటే అక్కణ్ణించే మొదలుపెట్టాలి.

నేను రోడ్ల శాఖలో ఓవర్సియర్‌గా కొత్తగా ఇటు వచ్చినప్పుడు ఝరాసంగం దారిలో వాగు మీద కల్వర్టు కట్టే పని అప్పగించారు. అంతకుముందు దారంటే వాగులోకి దిగి ఎక్కడమే. వాన పడితే అల్లం బండ్లూ చెరుకు బండ్లూ గట్టున నిలిచిపోయేవి. దవాఖానకు పోవలసిన వాళ్లు కూడా ఆ బండ్ల మధ్యే పడుకుని ఉండేవారు. నా చేతిలో డిప్లొమా, చంకలో కల్వర్టు ప్లాను గీసిన నక్షా. రాతిపని మేస్త్రిది. ఆయనకు సంతకం రాదు, వేలిముద్ర వేసేవాడు.

మొదటి రోజు ఆయన నా నక్షా చూడలేదు. వాగు వెంట నడిచి, తుమ్మకొమ్మల్లో నా తలకంటే పైన చిక్కుకున్న ఎండుగడ్డిని చూపించాడు. "నీళ్లు గింత దాంక వచ్చినయ్ సారూ. జర మీ నక్షాల చూడున్రి, ఉన్నదా?" అన్నాడు. లేదు. పక్కనే ఉన్న మా పెద్ద ఇంజనీరు నవ్వి ఆయన భుజం తట్టాడు. నా భుజం ఆ ఇంజనీరు ఏనాడూ తట్టలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అక్కడి జనం నాకు కప్పూ సాసర్లో చాయ్ ఇచ్చి దూరంగా నిలబడేవారు. మేస్త్రికి మాత్రం జొన్నరొట్టె, ఉల్లికారం, పక్కన కూర్చుని ముచ్చట్లు. ఆ రొట్టె ఎలా ఉంటుందో అడగాలని ఉండేది. ఓవర్సియర్ అడుగుతాడా?

పిట్టగోడ దగ్గర మాకు పేచీ పడింది. కల్వర్టుకు రెండువైపులా సందు లేని గోడ, గానుగ సున్నంతో, చూడముచ్చటగా ఉండాలన్నాను. "గోడ వద్దు సారూ, రాళ్లు పాతి రాయికీ రాయికీ నడుమ సందు ఇడుద్దాం. వాగు ఒట్టి నీళ్లు తేదు, కంప తెస్తది, చెట్లు తెస్తది. గవి గోడకు అడ్డం పడితె నీళ్లకు తొవ్వ ఏడిది?" అన్నాడు. కూలీలందరూ వింటున్నారు. "చెప్పేది నేను, కట్టేది నువ్వు" అన్నాను. "మీ ఇష్టం సారూ" అన్నాడు. ఆయన మీద గెలిచానని రెండు రోజులు హుషారుగా తిరిగాను.

కొన్నేళ్లకు మూడు రోజుల ముసురు పట్టి వాగు కల్వర్టు మీదుగా పారింది. నీళ్లు తీయగానే వెళ్లి చూశాను. కల్వర్టు ఉంది, రోడ్డు ఉంది, పిట్టగోడలు రెండూ లేవు. ఒక రాయి తీసి చూస్తే సున్నం జాడ లేదు, అంతా ఎర్రమట్టి. నా మనసు గంతులేసింది. సున్నం అమ్ముకున్నాడు, ఇన్నాళ్లకు దొరికాడు అనుకున్నాను. నేరుగా ఆయన ఇంటికి పోయి నలుగురూ వినేలా అడిగాను, "సున్నం ఏమైంది మేస్త్రీ?"

ఆయన కోపగించుకోలేదు. నన్ను వాగులోకి తీసుకుపోయి, నీళ్లు దూకే వైపు పునాది గోడ చూపించాడు. నేను కాగితం మీద గీసిన దానికి రెట్టింపు మందం ఉంది. తాళంచెవితో గీకితే పొడి కూడా రాలలేదు. "సున్నం గీడ ఉన్నది సారూ. పిట్టగోడ పోవాలె. అది పోకుంటె నీళ్లు పక్కకు మర్లి రోడ్డును కోస్తుండె. చెప్తె మీరు ఒప్పుకుంటుంటిరా?"

ఒప్పుకునేవాణ్ణి కాదు. తర్వాత పెద్ద ఇంజనీరు వచ్చి, అడ్డుపడకుండా కొట్టుకుపోయే గోడ పెట్టడం మంచి ఆలోచన అని నన్నే మెచ్చుకున్నాడు. మేస్త్రి అక్కడే తాపీ కడుక్కుంటున్నాడు. నేను నోరు మెదపలేదు, ఆయనా మెదపలేదు. ఆ మెచ్చుకోలు నా ఫైలుకెక్కింది. తప్పు నాదైనా కోపం మాత్రం ఆయన మీదే పెరిగింది. అది ఆయన ఆలోచన అని ఇవాళే మొదటిసారి రాస్తున్నాను, వినవలసిన మనిషి పోయాక.

ఆ తర్వాత నీళ్లు కల్వర్టు మీదికి వచ్చినప్పుడల్లా ఆయన గోనెసంచి కప్పుకుని గట్టున ఒక రాయి మీద కూర్చునేవాడు. బండివాళ్లు ఎడ్లను ఆపి ఆయన వైపు చూసేవారు. తల ఊపితే పోయేవారు, అరచెయ్యి ఎత్తితే ఆగేవారు. గొడుగు పట్టుకుని నేనూ అక్కడే ఉండేవాణ్ణి. నన్ను ఒక్కరూ అడగలేదు. "ఓవర్సియర్‌ను నేను కదా" అని ఒకసారి ఉండబట్టలేక అన్నాను. "అందుకే మీరు గొడుగు కింద ఉన్నరు సారూ" అని నవ్వాడు.

నిన్న ఆయన ఇంటికి పోయి పరామర్శించి వస్తుంటే వాన పట్టుకుంది. వాగు దగ్గరికి వచ్చేసరికి కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయి. ఆయన రాయి ఖాళీగా ఉంటే దాని మీద కూర్చున్నాను. కాసేపటికి అల్లం బండి ఒకటి వచ్చి ఆగింది. బండి తోలే అతను రాయి వైపు చూసి, నన్ను చూసి, కొంచెం తటపటాయించాడు.

"పోవచ్చునా సారూ?" అన్నాడు.

ఇన్నేళ్లూ నేను కడుపు మంటతో కాచుకున్న మాట అదే. నా తల ఊగలేదు. చెప్పులు విప్పి, ప్యాంటు పైకి మడిచి, అతని చేతికర్ర అడిగి తీసుకుని, లోతు చూసి రావడానికి నీళ్లలోకి దిగాను.