పెద్దమ్మ కుర్చీ ఆగే మలుపు

ఆ రోజుల్లో, అంటే నంద్యాల రోడ్ల మీదికి కరెంటు ఆటోలు కొత్తగా వచ్చిన రోజుల్లో, లోకంలోని ప్రతి కష్టమూ బ్యాటరీ మారిస్తే తీరిపోతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ ఆటోలకు బ్యాటరీలు బిగించే అంగడిలో నా పని. వారమంతా అక్కడ, ఆదివారం ఆళ్లగడ్డలో ఆరాధన. "ప్రభువా, నీ శక్తితో నన్ను నింపు" అని ప్రార్థించేటప్పుడు కూడా కళ్ల ముందు చార్జరు మీది పచ్చ లైటే వెలిగేది (దేవుడు క్షమించుగాక).

ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ ఉండేది. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి స్త్రీల కూడికలు నడిపిన మనిషి. కాళ్లు పడిపోయాక సంఘంవాళ్లు పాత మోటారు కుర్చీ ఒకటి సంపాదించి ఇచ్చారు. దాని సీటు కింద సీసం బ్యాటరీలు. ఎత్తితే నడుము పట్టేంత బరువు. ప్రార్థన గుడికి పోయేటప్పుడు బాగానే పోయేది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బస్టాండు దాటి మలుపు తిరిగేసరికి మూలుగుతూ నిలబడిపోయేది. ఇక సంఘంలో సగం మంది దాన్ని తోసుకుంటూ ఇంటిదాకా వచ్చేవాళ్లు. ముందుగా చేయి వేసేది తాళాలన్న (పాటలకు తాళాలు వాయించేవాడు, తోసేటప్పుడూ లయ తప్పడు). ఇంటికి చేరాక అందరికీ టీ, ఒక పాట, ఒక ప్రార్థన.

"ఇట్ల నలుగురి మీద బరువై పోవాలంటే సిగ్గుగా ఉండాదిరా. నా అంతట నేను ఇల్లు చేరేట్ల చెయ్యి," అంది పెద్దమ్మ ఒకరోజు.

దేవుడు నన్ను ఈ పనికే పిలిచాడనుకున్నాను. సీసం తీసేసి తేలికైన లిథియం బ్యాటరీ పెట్టాను, చార్జరూ మార్చాను. ఆ బరువు పోయినందుకు కుర్చీకి రెక్కలొచ్చినట్టయింది. గుడి వాలు ఎక్కబోతే ముందు చక్రాలు పైకి లేచి పెద్దమ్మ ఆకాశం వైపు తిరిగి "స్తోత్రం!" అని కేక వేసింది. తాళాలన్న వెనక నిలబడి పట్టుకోకపోతే ఆ పూటే ఆమె ప్రభువు దగ్గరికి చేరేది. వెంటనే దొరికిన బరువు, ఆడవాళ్లు వంట చేసేటప్పుడల్లా గుడికని పిడికెడు తీసిపెట్టి తెచ్చిన బియ్యం సంచి. దాన్నే సీటు కింద కట్టాను. తర్వాత ఇసుక సంచి పెట్టాననుకోండి. ఆ ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడే నాతో ఈ పని చేయించాడని సాక్ష్యం కూడా చెప్పుకున్నాను.

ఆ తర్వాత కుర్చీ మలుపు దగ్గర ఆగలేదు. పెద్దమ్మ చేయి ఊపుతూ జామ్మని వెళ్లిపోయేది. సంఘంవాళ్లు గుడి ముందే వందనాలు చెప్పి ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు.

కొన్నాళ్లకు పెద్దమ్మ ఫోను. "రేయ్, కుర్చీ ఆగిపాయరా!"

మీటరు పట్టుకొని పరుగెత్తాను. అన్నీ విప్పి చూశాను, లోపం లేదు. మరుసటి ఆదివారం మళ్లీ ఆగింది, అదే మలుపులో. మా అంగడి యజమాని నవ్వాడు: "ఏందప్పా, నంద్యాలలో ఆగకుండా పోయే లిథియం ఆళ్లగడ్డలో యాల ఆగుతాది?" ఉపవాసముండి ప్రార్థన చేశాను. వైర్లన్నీ మార్చాను. అయినా ఆగింది.

చివరికి ఒక ఆదివారం కుర్చీ పక్కనే నడిచాను. మలుపు రాగానే పెద్దమ్మ వేలు మెల్లగా స్విచ్చి మీదికి పోయి నొక్కింది. "అయ్యో, మళ్లా ఆగిపాయ!" అంది.

"మేముండాం కదక్కా!" అంటూ తాళాలన్న వెనక నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. నేను చక్రం చూస్తున్నట్టు వంగాను. "పెద్దమ్మా, స్విచ్చి..."

"తెలుసు, నోరు మూసుకో," అంది గుసగుసగా. "ఇన్ని వారాలు ఒక్కదాన్నే ఇల్లు చేరినా. టీ కాంచుకొని గోడల దిక్కు చూస్తా తాగినా."

"అబద్ధం కాదా పెద్దమ్మా?"

"ఆగింది కదా? ఆగిపాయ అంటి. ఆపిందెవరని ఒక్కరన్నా అడిగిరా?"

అన్ని లేఖనాలు చదివిన నేను మీటరు తీసి చక్రానికి ఆనించాను.

"ఏందప్పా నంద్యాల మేస్త్రీ, రిపేరు దొరికెనా?" అన్నాడు తాళాలన్న రొప్పుతూ.

"ఇది నా చేతిలో లేదన్నా," అన్నాను. అందరూ నవ్వారు. కుర్చీ పాటతో కదిలింది. నేను మీటరు సంచిలో వేసుకొని బస్సుకు పరుగెత్తాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ పరుగే గుచ్చుకుంటుంది. వాళ్లతో కలిసి ఒక్కసారైనా ఆ కుర్చీ మీద చేయి వేయలేదు. ఆ ఇంట్లో ఆదివారం టీ తాగలేదు. పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ తోసే అవసరం ఉండదు, అయినా ఆమె ఏదో ఉపాయం చేసే ఉంటుంది.

నాకిప్పుడు కరెంటు స్కూటరుంది. ఎంత దూరమైనా ఆగదు. మొన్న ఆరాధన అయ్యాక, ఆ మలుపు దగ్గర ఎందుకో నా వేలు స్విచ్చి మీదికి పోయింది. దిగి తోసుకుంటూ నడిచాను.

"ఏందప్పా, ఆగిపాయనా?" వెనక నుంచి ముసలి గొంతు. తాళాలన్న.

"ఆగిపాయన్నా," అన్నాను.

ఆపిందెవరని ఆయన అడగలేదు. స్కూటరు వెనక చేయి వేసి, లయ తప్పకుండా తోయడం మొదలుపెట్టాడు.