ఈ చెయ్యి మంచిది కాదట!

తొంభైల్లో, పెళ్లయిన కొత్తలో, కొండపల్లిలోని మా పెరట్లో పెట్టుకోవడానికి ఓ తేనెటీగల పెట్టె కొన్నాను. అమ్మింది మా ఆయన బాబాయి కొడుకే. నెల తిరక్కుండానే అందులో గుప్పెడు ఈగలే మిగిలాయి. తీసి చూస్తే రాణి ముసలిది. గుడ్లు పెట్టడం ఎప్పుడో మానేసింది.

అడిగితే, మా అత్తగారి ముందే, "పెట్టె బంగారం లాంటిది పెద్దమ్మా, వదిన చెయ్యే మంచిది కాదు" అనేశాడు. ఆవిడ నమ్మేసి, నన్ను ఆవకాయ జాడీ కూడా ముట్టుకోనివ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

కొత్త రాణిని పెడుతున్నాను, వచ్చి చూడమని కబురు పెట్టాను. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో దిగాడు. అత్తగారు వసారాలోంచి చూస్తున్నారు. కొత్తదాన్ని పెట్టాలంటే ఎలాగూ చంపక తప్పని ముసలి రాణిని వేళ్లతో నలిపి, ఆ చేతిని అతని జేబుకి శుభ్రంగా తుడిచాను. రాణి వాసనకి ఈగలన్నీ వచ్చి చొక్కా మీద ముసురుకున్నాయి. మనిషి కొయ్యబారిపోయాడు.

"నీకు దండం పెడతా వదినా, వీటిని తియ్యి!"

"ముందు నా చెయ్యి సంగతి చెప్పు."

"ముసలి రాణినే అంటగట్టాను పెద్దమ్మా! వదిన తప్పేం లేదు!"

ఆ ఏడు ఆవకాయ నేనే కలిపాను.

రాణి వాసనకి అలా చేరిన ఈగలు మనం కదిలించకపోతే కుట్టవని నాకు అప్పుడే తెలుసు. అతనికి మాత్రం ఈ రోజుకీ చెప్పలేదు.