చదవకుండా పెట్టిన సంతకం

ఎన్నికలు వస్తున్నాయంటే నాకు మనసు మనసులో ఉండదు. నేను పోటీ చేసేది లేదు, నా వాళ్లెవరూ చేసేది లేదు. అయినా లేవగానే టీవీ పెట్టి, నలుగురు కూర్చుని అరుచుకునే చర్చలన్నీ చూస్తూ వాళ్లతో పాటు నేనూ అరిచేవాణ్ణి. మా పార్టీ ఓడిపోతే రాష్ట్రం ఏమైపోతుందోనని గుండె దడ. వన్ టౌన్‌లో మా సందు అసలే ఇరుకు, నా కేకలు వీధి చివరికి వినపడేవట.

బీపీ చూసిన డాక్టరు, "మాస్టారూ, ముందు ఆ టీవీ కట్టేయండి. పొద్దున్నే కాసేపు నడవండి. అంత ఆందోళనగా ఉంటే నలుగురికీ పనికొచ్చే పనేదైనా పెట్టుకోండి" అన్నాడు. నా భార్య ఆ రోజే రిమోట్ ఎక్కడో దాచేసింది. "ముప్పై ఏళ్లు పిల్లల్ని అరవొద్దని బెత్తం పట్టుకు తిరిగారు. ఇప్పుడు మిమ్మల్ని ఎవరు ఆపాలి?" అని పైగా ఎత్తిపొడుపు.

స్కూలు మాస్టరుగా రిటైరైనవాణ్ణి. పనంటే నాకు తెలిసింది పేర్లు పిలిచి హాజరు వేసుకోవడం. అందుకని ఓటర్ల కొత్త జాబితా తెచ్చుకుని మా సందులో ఇంటింటికీ వెళ్లి పేర్లు సరిచూడటం మొదలుపెట్టాను. టీవీ చూసినన్నాళ్లూ రాని నిద్ర ఆ రెండు రోజులూ హాయిగా పట్టింది. మూడో రోజు చూస్తే పక్కింటావిడ పేరు లేదు.

ఆవిడ బట్టలు కుడుతుంది. భర్త పోయాక ఆ మిషను మీదే కొడుకుని చదివించింది. వాడు నా దగ్గరే చదువుకున్నాడు, ఇప్పుడు ఏలూరులో ఉద్యోగం. ఇంట్లో ఆవిడ ఒక్కతే. వాన పడితే సైడు కాలవ పొంగి మురుగు నీళ్లు ఆవిడ ముందు గదిలోకి, మిషను కిందికి వస్తాయి. ఓట్లడగడానికి వచ్చిన ప్రతివాణ్ణీ గుమ్మంలో నిలబెట్టి, ఆ కాలవ చూపించి దులిపేస్తుంది. "ఓటుంది కాబట్టి వింటారండీ మాస్టారూ. అదీ లేకపోతే నా మొహం ఎవరు చూస్తారు?" అనేది.

మర్నాడే ఆవిణ్ణి వెంటబెట్టుకుని జాబితా పనులు చూసే ఆఫీసుకి చిందులు తొక్కుతూ వెళ్లాను. "ఉన్న మనిషి పేరు ఎలా తీసేస్తారండీ? ఎవడండీ ఆ బుద్ధిలేనివాడు?" అని గుమాస్తా మీద విరుచుకుపడ్డాను. ఆయన ఓ కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఇంటికి తాళం వేసి ఉంది, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు అని రాసి ఉంది. కింద ఇరుగుపొరుగు సాక్షి సంతకం. అది నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఓ ఆదివారం పొద్దున. ఆవిడ చర్చికెళ్లింది. ఆదివారం పన్నెండు దాటితే గాని రాదని సందులో అందరికీ తెలుసు, గోడవతల ఉండే నాకు మరీ తెలుసు. ఓటర్ల సర్వేకొచ్చిన అమ్మాయి పక్కింటి తాళం చూసి మా గుమ్మంలోకొచ్చి, "ఇక్కడో సంతకం చెయ్యండి సార్" అంది. లోపల టీవీలో ఎవడో మా పార్టీని తిడుతున్నాడు. వాడి మాట ఎక్కడ తప్పిపోతుందోనని, చదవకుండా గీకి పంపించేశాను. పరీక్ష పేపరు ఒకటికి రెండుసార్లు చదవండిరా అని పిల్లల ప్రాణం తీసినవాణ్ణి!

గబగబా కాగితం మడిచి ఇచ్చేశాను. "ఏదో పొరపాటు జరిగిందటమ్మా, మళ్లీ దరఖాస్తు పెడదాం" అన్నాను. ఆవిడ నా వైపు చూసి తలూపింది.

దరఖాస్తు నేనే నింపాను. ఓసారి సర్వర్ పనిచేయలేదు, ఓసారి ఆఫీసరు మీటింగులో ఉన్నారు, ఓసారి ఫోటో సైజు కుదరలేదు. తిరిగి తిరిగి ఇచ్చాం. ఇంటికి వచ్చి విచారించుకుంటామన్నారు. వచ్చారు, మళ్లీ ఆదివారం పొద్దునే! ఆవిడ చర్చిలో ఉంది. నేనూ, నా భార్యా డాక్టరు చెప్పిన నడక ముగించి, హోటల్లో ఇడ్లీ తిని తీరుబడిగా వచ్చాం. నా ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసిచ్చాను, ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేది? దరఖాస్తు కొట్టేశారు. మళ్లీ పెడదామంటే గడువు అయిపోయింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, ఉప్పు ఎక్కువైందని నా భార్య మీద చూపించాను.

ప్రచారానికి మా పార్టీ వాళ్లే వచ్చారు, చేతిలో జాబితా పట్టుకుని. ఆవిడ కాలవ చూపిద్దామని గుమ్మంలో నిలబడి ఉంది. కుర్రాడొకడు జాబితా చూసి, "ఇక్కడ ఓట్లు లేవండీ" అన్నాడు. అంతే, ఓ నమస్కారం పడేసి అందరూ మా గుమ్మానికి వచ్చేశారు. ఆవిడ అలాగే నిలబడి ఉంది. కాలవ సంగతి నేనే ఎత్తాను. "చూద్దాం లెండి మాస్టారూ" అని తర్వాతి ఇంటికి వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ నేను గొంతు చించుకున్నది వీళ్ల కోసం.

పోలింగు రోజు ఆవిడ పాత ఓటరు కార్డు పట్టుకుని నాతో వచ్చింది. "కార్డుంటే చాలదమ్మా, జాబితాలో పేరుండాలి" అన్నారు లోపల. ఆవిడ బయటికి వెళ్లిపోయింది. నేను ఓటేశాను. వచ్చేసరికి స్కూలు అరుగు మీద కూర్చుని ఉంది. నా వేలి మీద ఇంకా ఆరని చుక్క చూసి నాకే సిగ్గేసింది. ఇక దాచలేకపోయాను.

"అమ్మా, మీ పేరు తీసేసిన కాగితం మీద సాక్షి సంతకం నాది."

"తెలుసండీ. మావాడి ప్రోగ్రెస్ కార్డుల మీద అన్నేళ్లు చూసిన సంతకం, ఆ మాత్రం గుర్తుపట్టలేనా? ఆఫీసులో ఆ రోజే చూశాను."

"మరి అక్కడే నలుగురిలో కడిగెయ్యకపోయారా?"

"కడిగేస్తే మీరు మొహం చెల్లక ఇంట్లో కూర్చునేవారు. ఆఫీసుల చుట్టూ నాతో ఎవరు తిరిగేవారు మాస్టారూ?"

పర్లేదని అనలేదు. కార్డు సంచిలో పెట్టుకుని లేచింది. "ఈ ఎన్నికల గొడవ తేలగానే మళ్లీ దరఖాస్తులు తీసుకుంటారట. ఆ రోజు పదింటికల్లా తయారుగా ఉండండి" అంది.