నల్లా రాని రోజు నా వంటింట్లో తడి

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు జ్వరం ఉందేమో చూడండని కసిరే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. కానీ పోయినేడు బెల్లంపల్లిలో మా ఇంట్లో జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నల్లా రాలేదు. ఎండాకాలం, వాన మాటే లేదు. బియ్యం కడగడానికి కూడా నీళ్లు లేవని విసుక్కుంటుంటే, పొయ్యి ముందు నా కాళ్ల కింద గచ్చు తడిగా తగిలింది. తుడిచాను. కూర కలిపేలోపు మళ్లీ తడి. బిందెలు చూశాను, పైకప్పు చూశాను, అన్నీ పొడిగానే ఉన్నాయి. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మా ఆయన్ని లేపాను. ఆయన వేలు పెట్టి చూసి, "గోరువెచ్చగున్నదేందే!" అన్నాడు.

వంగి వాసన చూశాను. ఆ వాసన నాకు తెలుసు. నా తొలిచూలప్పుడు నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయింది. "నొప్పులు రాలే గదా, ఆగు" అని మా అత్త నన్ను ఇంట్లోనే ఉంచింది. పుట్టిన ఆడపిల్ల ఇన్ఫెక్షన్‌తో, పేరైనా పెట్టకముందే పోయింది.

మంచిర్యాలలో అత్తగారింట్లో ఉన్న మా చెల్లె లావణ్యకు అప్పుడు నెలలు నిండాయి. గబగబా ఫోన్ చేశాను. ముందు ఏం లేదంది. తర్వాత ఏడ్చేసింది.

"పొద్దుగాల్నే నీళ్లు వోయినయక్కా. నొప్పుల్లేవు. ఇయ్యాల అమాస, రేపు పోదాం, గుడ్డ వెట్టుకొని పండుకో అన్నది అత్తమ్మ. ఎవ్వలకు చెప్పొద్దన్నది."

మంచి తిథి కావాలట ఆమెకు! బిడ్డ బతకాలని మాత్రం లేదా? అంబులెన్స్‌కు నేనే ఫోన్ చేసి వాళ్లింటికి పంపించి, మంచిర్యాల బస్సెక్కాను.

నేను దవాఖానకు చేరేసరికి డాక్టరమ్మ, నీళ్లు ఎప్పుడు పోయాయని అడుగుతోంది. "ఇప్పుడేనమ్మా" అంది చెల్లె అత్త, కళ్లార్పకుండా.

"అబద్ధం మేడం! పొద్దుగాల్నుంచి పోతున్నయ్!" అని కాన్పుల వార్డంతా వినబడేలా అరిచాను.

డాక్టరమ్మ మొహం మారిపోయింది. ఆలస్యమైతే కడుపులోని బిడ్డకు ఇన్ఫెక్షన్ ఎక్కుతుందని తెలియదా అంటూ ఆ పెద్దమనిషిని చెడామడా తిట్టింది. వెంటనే లావణ్యకు యాంటీబయాటిక్ సూది వేయించి, నొప్పులు రావడానికి మందు పెట్టించింది. పుట్టిన పాపను కూడా దవాఖానలోనే ఉంచి, జ్వరం వస్తుందేమో, పాలు తాగడం మానేస్తుందేమో అని కనిపెట్టి చూశారు.

పాప అమావాస్యనాడే పుట్టింది. ఏ రోగం లేకుండా ఇప్పుడు ఇల్లంతా పాకుతోంది.

తర్వాత మేం గచ్చు పగలగొట్టించి చూశాం. కింద పైపు లేదు, ఊట లేదు, అంతా పొడి మట్టే. ఆ తడి ఎక్కడిదో ఈనాటికీ తెలియదు. చెల్లె దాన్ని దేవుడి దయ అంటుంది. అనుకోనీ. నాకు మాత్రం తలుచుకుంటే కోపమే వస్తుంది. నా బిడ్డప్పుడు ఎవరింట్లో గచ్చూ ఎందుకు తడవలేదు?